ఒకే యజమాని, మూడు మోటారు సైకిళ్ళు – ఇన్సూరెన్సు ఎన్ని?

ఒకప్పుడు సైకిలుకు క్యాను కట్టుకొని పాల కేంద్రానికి వచ్చిన సభ్యులు ఇప్పుడు మోటారు సైకిళ్ళ మీద వస్తున్నారు. పాలకు, పచ్చిగడ్డికి ఒక మోపెడు, మండల కేంద్రానికి వెళ్ళి రావడానికి ఒక మోటారు సైకిలు, చదువుకొనే అబ్బాయి కోరిక మీద కొన్న బండి మరొకటి – ఇలా ఒకే ఇంట్లో రెండు మూడు బండ్లు వుండడం మన సంఘాలలో సామాన్యమైపోయింది. బండి ఎవరు నడిపినా, చాలా ఇళ్ళలో ఆర్.సి. పుస్తకాలన్నీ ఇంటి పెద్ద పేరుననే వుంటాయి.

అందువల్ల సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటి వున్నది. “బండ్లు మూడు వున్నా నడిపేవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకేసారి రెండు బండ్లు ఎక్కలేను గదా. అటువంటప్పుడు మూడింటికీ మూడు ప్రీమియములు ఎందుకు కట్టాలి?” ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానం మాత్రం ఒక్క ముక్కలో లేదు. కొంత సొమ్ము మూడు బండ్లకూ కట్టి తీరవలసిందే. కొంత సొమ్ము ఒక్కసారి కడితే చాలు. ఈ తేడా తెలియక కొందరు అనవసరంగా రెండు మూడు సార్లు కడుతున్నారు. మరికొందరు కట్టవలసినది మానివేసి, ప్రమాదం జరిగిననాడు పొలం అమ్ముకొనే పరిస్థితి తెచ్చుకుంటున్నారు. అందుకే ఈ విషయాన్ని ఇక్కడ వివరంగా తెలియజేస్తున్నాము.

బండి వెంట వుండేది, మనిషి వెంట వుండేది

మనం పాలసీ అని పిలిచే కాగితంలో నిజానికి మూడు వేరు వేరు రక్షణలు వుంటాయి. ఒకటి, మన బండి వల్ల ఎదుటివారికి కలిగే నష్టానికి. దీనినే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అంటారు. రెండు, బండి నడుపుతున్న యజమాని ప్రాణానికి, అవయవాలకు. మూడు, బండికే కలిగే నష్టానికి, దొంగతనానికి.

వీటిలో మొదటిదీ, మూడవదీ బండి వెంట వుంటాయి. రెండవది మనిషి వెంట వుంటుంది. ఈ ఒక్క సూత్రం గుర్తు పెట్టుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

ఎదుటివారి నష్టం – ప్రతి బండికీ తప్పదు

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేని మోటారు వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో వాడకూడదు. చట్టం చూసేది బండిని గాని, నడిపేవారు ఎందరు అన్నది కాదు. పశువుల బీమా సంగతి మన సభ్యులకు తెలిసినదే. అయిదు గేదెలు వుంటే అయిదింటికీ చెవి పోగులు వేస్తారు. పాలు పితికే మనిషి ఒక్కడే గదా అని ఒక్క పోగుతో సరిపెట్టరు. బండ్లకూ అదే పద్ధతి.

దీనికి కారణం లేకపోలేదు. మీరు మోపెడు మీద పాల కేంద్రానికి వచ్చిన సమయంలో ఇంటి దగ్గర వున్న మోటారు సైకిలును తమ్ముడో, బావమరిదో తీసుకొని వెళ్ళవచ్చు. దారిలో ఎవరికైనా తగిలితే పరిహారం బాధ్యత నడిపినవారితో పాటు యజమాని మీదకు కూడా వస్తుంది. మరణానికి గాని, తీవ్రమైన గాయాలకు గాని ట్రిబ్యునలు నిర్ణయించే పరిహారం లక్షలలో వుంటుంది. ఇన్సూరెన్సు లేకపోతే ఆ మొత్తం యజమాని ఆస్తి నుంచే రావాలి. బండి ఖరీదు ఎనభై వేలయినా, దాని వల్ల వచ్చే బాధ్యతకు అటువంటి హద్దు లేదు.

2019లో చట్టాన్ని సవరించిన తరువాత, ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మరల దొరికితే జరిమానా 4,000 రూపాయలు. ఇది నడిపినవారికే గాక, నడపనిచ్చిన యజమానికి కూడా వర్తిస్తుంది.

థర్డ్ పార్టీ ప్రీమియము కంపెనీల ఇష్టం కాదు. ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టిక ప్రకారం ద్విచక్ర వాహనాలకు సంవత్సరపు రేట్లు ఇవి:

75 సి.సి. మించనివి – 538 రూపాయలు
75 దాటి 150 సి.సి. దాకా – 714 రూపాయలు
150 దాటి 350 సి.సి. దాకా – 1,366 రూపాయలు
350 సి.సి. దాటినవి – 2,804 రూపాయలు

అదే పట్టికలో 3 కిలోవాట్లు మించని ఎలక్ట్రిక్ బండికి 457 రూపాయలు, 3 దాటి 7 కిలోవాట్ల దాకా 607 రూపాయలు. వీటి మీద జి.ఎస్.టి. అదనం. ప్రీమియము కట్టే రోజున అమలులో వున్న పట్టికను చూసుకోవడం సభ్యుల వంతు. మూడు బండ్లు ఒకే యజమానివి అన్నంత మాత్రాన ఈ మొత్తంలో తగ్గింపు వుండదు.

యజమాని ప్రాణానికి – ఒక్కసారి చాలు

ఇక రెండవ రక్షణ. యజమాని స్వయంగా బండి నడుపుతూ ప్రమాదంలో మరణిస్తే గాని, అంగవైకల్యం కలిగితే గాని ఆ కుటుంబానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఉపయోగపడదు. అది ఎదుటివారి కోసం. అందుకని యజమాని-డ్రైవరుకు తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా అనేది వేరుగా పెట్టారు. చాలాకాలం ద్విచక్ర వాహనాలకు ఇది లక్ష రూపాయలు మాత్రమే వుండేది. 2018లో దీనిని 15 లక్షలకు పెంచారు. మరణానికి పూర్తి మొత్తం వస్తుంది. రెండు అవయవాలు పోయినా, రెండు కళ్ళు పోయినా, ఒక అవయవం, ఒక కన్ను పోయినా పూర్తి మొత్తమే. ఒక అవయవం గాని, ఒక కన్ను గాని పోతే సగం.

ఇది మనిషికి సంబంధించిన రక్షణ. మూడు బండ్లున్నా మనిషికి ప్రాణం ఒక్కటే. అందుచేత 2002 నాటి మోటారు టారిఫ్‌లోనే ఈ సంగతి స్పష్టంగా వున్నది. ఒకే యజమానికి ఒకటికి మించిన వాహనాలుంటే, ఆయన కోరిన ఏదో ఒక వాహనానికే ఈ రక్షణ ఇవ్వాలి. 2019 జనవరి నుంచి ఇంకొక వెసులుబాటు వచ్చింది. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం వున్న బీమా నియంత్రణ, అభివృద్ధి సంస్థ ఈ రక్షణను బండి పాలసీ నుంచి విడదీసి, విడి పాలసీగా కూడా తీసుకోవచ్చునని అనుమతించింది. మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి కనీసం 15 లక్షలకు వ్యక్తిగత ప్రమాద బీమా ముందే వున్నవారు బండి పాలసీలో మరల కట్టనక్కరలేదు.

2018లో 15 లక్షలకు పెంచినప్పుడు దీని ప్రీమియము సంవత్సరానికి 750 రూపాయలుగా నిర్ణయించారు. తరువాత రేటు కంపెనీలకే వదిలారు. ఆ 750 లెక్కనే చూసినా, మూడు బండ్లకూ కట్టినవారు 1,500 రూపాయలు ఊరికే పోగొట్టుకున్నట్లు. మూడు చోట్ల కట్టాము గనుక 45 లక్షలు వస్తాయని ఆశపడడానికి వీలు లేదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బండి పాలసీలో కలిపి తీసుకున్న రక్షణ ఆ పాలసీలోని బండిని నడుపుతున్నప్పటికే అని రాసి వుంటుంది. రక్షణ మోటారు సైకిలు పాలసీలో వుండి, ప్రమాదం మోపెడు మీద జరిగితే చిక్కు రావచ్చు. రెండు మూడు బండ్లున్నవారికి విడి పాలసీ మేలని మేము చెప్పడం అందుకే. విడి పాలసీ తీసుకొనేటప్పుడు తమ పేరున వున్న బండ్లన్నిటికీ వర్తిస్తుందా అని అడిగి, ఆ మాట కాగితం మీద చూసుకోవాలి. నామినీ పేరు రాయించడం మరువరాదు.

ఈ రక్షణ ఎవరికి వర్తించదు?

పై రక్షణకు మూడు షరతులున్నాయి. మనిషి ఆ బండికి రిజిస్టరయిన యజమాని కావాలి. పాలసీ ఆయన పేరుననే వుండాలి. చెల్లుబాటయ్యే డ్రైవింగు లైసెన్సు వుండాలి. మద్యం సేవించి నడిపితే రక్షణ వుండదు. ఈ షరతులు మన పల్లె కుటుంబాలలో ఎక్కడ దెబ్బ తీస్తాయో చూద్దాము.

అబ్బాయి నడిపే బండి: బండి తండ్రి పేరున వుండి కొడుకు నడుపుతూ పడిపోతే, యజమాని రక్షణ కొడుకుకు రాదు. ఎదుటివారి కిందా లెక్కకు రాదు. అడిగి తెచ్చుకున్న బండిని నడిపేవారు యజమాని స్థానంలోకి వస్తారనీ, ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీ నుంచి మూడవ పక్షంగా పరిహారం కోరడానికి వీలు లేదనీ సుప్రీం కోర్టు 2009లోనూ, 2020లోనూ చెప్పింది. కాబట్టి పెద్దవాడైన కొడుకు రోజూ నడిపే బండిని అతని పేరుకే మార్చి, రక్షణ కూడా అతని పేరుననే తీసుకోవడం మంచిది.

మహిళా సభ్యుల పేరున వున్న బండ్లు: అప్పు సౌకర్యం కోసం బండి భార్య పేరున కొని, భర్త నడపడం చాలా చోట్ల వున్నది. ఆమెకు లైసెన్సు లేకపోతే ఈ రక్షణ ఆమెకు ఇవ్వకూడదు, ఆ ప్రీమియము వసూలు చేయకూడదు. నడిపే భర్త యజమాని కాడు గనుక అతనికీ లేదు. అంటే ఆ ఇంట్లో రోజూ బండి ఎక్కే మనిషికి ఏ రక్షణా లేదన్నమాట. భర్త తన పేరున వేరే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోవాలి.

చనిపోయినవారి పేరున వున్న బండి: యజమాని మరణించిన తరువాత పాలసీ మూడు నెలలు గాని, గడువు ముగిసేదాకా గాని, ఏది ముందయితే అంతవరకే చెల్లుతుంది. ఈలోగా ఆర్.సి.నీ, పాలసీనీ వారసుల పేరుకు మార్పించుకోవాలి.

సంఘం పేరున వున్న బండి: సంఘం ఒక వ్యక్తి కాదు గనుక దాని బండికి యజమాని-డ్రైవరు రక్షణ వర్తించదు. ఆ ప్రీమియము కంపెనీ వేస్తే ప్రశ్నించవచ్చు. బండి నడిపే ఉద్యోగికి సంఘమే వేరుగా ప్రమాద బీమా ఏర్పాటు చేయడం పాలకవర్గం బాధ్యతగా భావించాలి.

వెనుక కూర్చున్నవారు: థర్డ్ పార్టీ మాత్రమే వున్న పాలసీలో వెనుక కూర్చున్న మనిషికి పరిహారం రాదని సుప్రీం కోర్టు 2006లో తీర్పు చెప్పింది. సమగ్ర పాలసీ అయితే వెనుక కూర్చున్నవారికి కూడా వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. భార్యనో, తల్లినో వెనుక కూర్చోబెట్టుకొని తిరిగే బండికి సమగ్ర పాలసీ వుండడానికి ఇది పెద్ద కారణం.

యజమాని రక్షణ అందని కుటుంబ సభ్యులకు ఒక చిన్న ఆధారం వున్నది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015లో మొదలయింది. బ్యాంకు ఖాతా వున్న 18 నుంచి 70 ఏళ్ళ వారు దీనిలో చేరవచ్చు. 2022 జూన్ నుంచి దీని ప్రీమియము సంవత్సరానికి 20 రూపాయలు. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. పాల బిల్లు బ్యాంకులోనే జమ అవుతున్న సభ్యులకు ఇది కష్టం కాదు. అయితే 15 లక్షల రక్షణకు ఇది బదులు కాదని గమనించాలి.

మైనరు పిల్లలకు బండి ఇవ్వడం గురించి ఒక మాట. ఇంట్లో అదనపు బండి వుంటే తాళం పిల్లల చేతికి వెళ్ళడం సులువు. 2019 సవరణ ప్రకారం మైనరు నేరానికి తండ్రికో, యజమానికో 25,000 రూపాయల జరిమానాతో పాటు మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. బండి రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది.

బండికి కలిగే నష్టం – బండిని బట్టి నిర్ణయం

మూడవ రక్షణ చట్టరీత్యా తప్పనిసరి కాదు. దీనిని ఏ బండికి తీసుకోవాలి, ఏ బండికి అక్కరలేదు అన్నది యజమాని నిర్ణయం. ఇక్కడ తగ్గించుకోవడానికి వీలున్నది.

బండి వయస్సు పెరిగేకొద్దీ ఇన్సూరెన్సు లెక్కలో దాని విలువ తగ్గుతుంది. ఏడాది దాటి రెండేళ్ళ లోపు బండికి 20 శాతం, రెండు మూడేళ్ళ మధ్య 30 శాతం, మూడు నాలుగేళ్ళ మధ్య 40 శాతం, నాలుగు అయిదేళ్ళ మధ్య 50 శాతం తగ్గిస్తారు. అయిదేళ్ళు దాటితే కంపెనీ, యజమాని కలిసి విలువ నిర్ణయించుకోవాలి. పదేళ్ళ మోపెడు పూర్తిగా పోయినా వచ్చేది కొద్ది సొమ్మే. దానికి థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చు. అప్పు తీరని కొత్త బండికి మాత్రం సమగ్ర పాలసీ వుండాలి. 2019 సెప్టెంబరు నుంచి సొంత నష్టానికి మాత్రమే విడి పాలసీ తీసుకొనే వీలు కూడా కలిగింది.

క్లెయిము లేని సంవత్సరాలకు సొంత నష్టపు ప్రీమియములో బోనసు తగ్గింపు వుంటుంది. మొదటి ఏడాదికి 20 శాతం, తరువాత వరుసగా 25, 35, 45 శాతం, అయిదేళ్ళకు 50 శాతం. వేరు వేరు పాలసీలున్నప్పుడు ఒక బండి మీద క్లెయిము చేస్తే మరొక బండి బోనసు పోదు. బోనసు బండిది కాదు, యజమానిది. బండి అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే, దాని బదులు కొన్న అదే తరగతి బండికి ఈ బోనసు వాడుకోవచ్చు. పాలసీ ముగిసి 90 రోజులు దాటితే బోనసు పోతుంది.

ఒకే యజమాని బండ్లన్నిటికీ కలిపి సొంత నష్టపు రక్షణను ఒకే గొడుగు కింద ఇచ్చే ఫ్లోటరు పద్ధతిని 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ అనుమతించింది. అడిగి చూడవలసిన సౌకర్యమే. కాని ఇది సొంత నష్టానికి మాత్రమేననీ, థర్డ్ పార్టీ ప్రతి బండికీ వుండవలసిందేననీ మరువరాదు.

పాల క్యాన్ల సంగతి

మన సభ్యులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఇది. సొంత ద్విచక్ర వాహనపు పాలసీలో వాడకం మీద పరిమితులు రాసి వుంటాయి. కిరాయికి తిప్పడానికి, సరుకుల రవాణాకు ఆ పాలసీ వర్తించదు. నమూనాలకు, సొంత సామానుకు మాత్రం మినహాయింపు వున్నది. కూలి తీసుకొని పది ఇళ్ళ పాలు క్యాన్లలో మోసే బండికి ప్రమాదం జరిగితే, బండి నష్టం ఇవ్వడానికి కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. కాబట్టి ఇటువంటి పనికి బండి వాడేవారు పాలసీ తీసుకొనే ముందే ఆ సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి.

ఒక లెక్క చూద్దాము

ఒక సభ్యునికి 100 సి.సి. మోపెడు ఒకటి, 100 సి.సి. మోటారు సైకిలు ఒకటి, 350 సి.సి. మోటారు సైకిలు ఒకటి వున్నాయనుకుందాము. 2022 పట్టిక ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియము 714, 714, 1,366 – మొత్తం 2,794 రూపాయలు. వ్యక్తిగత ప్రమాద బీమా మూడు చోట్లా కడితే 750 లెక్కన 2,250. ఒక్కసారే కడితే 750. జి.ఎస్.టి. కలపకుండా, మొదటి పద్ధతిలో 5,044 రూపాయలు, రెండవ పద్ధతిలో 3,544 రూపాయలు. రక్షణలో తేడా ఏమీ లేదు. మిగిలిన 1,500 రూపాయలను కొత్త బండి సొంత నష్టపు ప్రీమియముకు వాడుకుంటే ఆ సొమ్ముకు ప్రయోజనం వుంటుంది.

అమ్మిన బండి అమ్మినట్లు కాదు

బండ్లు ఎక్కువైనప్పుడు పాతది అమ్మడం సహజం. డబ్బు తీసుకొని తాళం ఇచ్చేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆర్.సి. మారేదాకా చట్టం దృష్టిలో రిజిస్టరయిన మనిషే యజమాని అని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కొన్నవారు ఇన్సూరెన్సు కట్టకుండా ఎవరికైనా గుద్దితే నోటీసు వచ్చేది మన ఇంటికే. అమ్మిన 14 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. పేరు మార్పు పూర్తయినదాకా వెంటపడాలి.

సంఘ కార్యదర్శులకు మనవి

2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు థర్డ్ పార్టీ ఒకేసారి అయిదేళ్ళకు తీసుకోవలసి వుంటున్నది. సొంత నష్టం, వ్యక్తిగత ప్రమాద రక్షణ ఏడాదికే వుండవచ్చు. ఒకే కాగితం మీద రెండు మూడు గడువులు వుండడం వల్ల, అయిదేళ్ళున్నదనుకున్న రక్షణ ఏడాదికే ముగిసిన సంగతి సభ్యులకు తెలియడం లేదు. మూడు బండ్లకు మూడు తేదీలయితే మరీ కష్టం.

పశువుల బీమా రిజిస్టరు మాదిరిగానే కోరిన సభ్యుల బండ్లకు కూడా ఒక పుస్తకం పెట్టవలసిందిగా కోరుతున్నాము. బండి నంబరు, ఆర్.సి. ఎవరి పేరున వున్నది, రోజూ నడిపేది ఎవరు, వారి లైసెన్సు గడువు, మూడు రక్షణల గడువు తేదీలు, నామినీ పేరు – ఈ ఆరు గళ్ళు చాలు. నెలకొకసారి పాల బిల్లు ఇచ్చేటప్పుడు ఆ నెలలో గడువు ముగిసేవారికి చెబితే సరిపోతుంది. ఆర్.సి. పేరు, నడిపేవారి పేరు వేరుగా కనిపించిన ప్రతి ఇంటివారితోనూ ఒకసారి కూర్చొని మాట్లాడవలసిందిగా ప్రత్యేకంగా కోరుతున్నాము. రక్షణ వున్నదనుకొని లేకుండా తిరుగుతున్నది ఎక్కువగా ఆ ఇళ్ళవారే.